నాడె లేని మగ్గము – లిపి లేని లేఖ

భాషకును నేతకును గల చుట్టరికము ప్రాచీనము. సంస్కృతమున ‘తంత్రము’ అను పదమునకు మగ్గమనియు, పడుగనియు అర్థములు కలవు. శాస్త్రమను అర్థము దానినుండి విస్తరించినదే. ‘సూత్రము’ మొదట దారము. ‘గ్రంథము’ కట్టుట, ముడివేయుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. ఆంగ్లమున వ్రాతకు వాడు ‘టెక్స్టు’ అను మాటయు, వస్త్రమునకు వాడు ‘టెక్స్టైలు’ అను మాటయు నేయుట యను అర్థముగల ఒకే లాటిను ధాతువు సంతానము. తెలుగువారును కథను అల్లుదురు. ఈ చుట్టరికము నేడు నిఘంటువులలో మాత్రమే కాక, కార్మికుని రెండు చేతులలోను కనబడుచున్నది. ఒక చేయి మగ్గముపై నుండును. రెండవ చేతిలో సెల్‌ఫోను ఉండును. ఈ రెండు యంత్రముల నడుమ తెలుగు ఏమగుచున్నదో విచారింపదగిన తావు ఒకటి తెలుగునేలకు వెలుపల నున్నది. అది గుజరాతు రాష్ట్రమున సూరతు జిల్లాలోని పల్సానా.

పల్సానా తాలూకా కేంద్రము. సూరతు నగరమునకు ఆగ్నేయదిశలో, ముంబయినుండి ఢిల్లీకి పోవు జాతీయ రహదారి మార్గమున నున్నది. దానికి తూర్పున 1928 నాటి సత్యాగ్రహముచే ప్రసిద్ధికెక్కిన బార్డోలి కలదు. చెరకుతోటలకు పేరొందిన ఈ సీమలో పల్సానా, కడోదరా ప్రాంతములు క్రమముగా అద్దకపు మిల్లులకును, వస్త్రపరిశ్రమకును నెలవులైనవి. సూరతు కృత్రిమనూలు వస్త్రములకు దేశమున ప్రధానకేంద్రము. ఆ పరిశ్రమలోనికి ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశము, మహారాష్ట్రలనుండి వచ్చినవారితోపాటు తెలంగాణమునందలి నేతకుటుంబములును చేరినవి. స్వగ్రామమున చేతిమగ్గము కూడు పెట్టలేని దినములలో వీరు షోలాపురమునకు, భివండికి, సూరతునకు తరలిరి. సూరతు నగరమున లింబాయతు ప్రాంతము తెలుగువారి నివాసమునకు పేరొందినది. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునందును పాఠశాలలను నెలకొల్పుట ఈ వలసకు అధికారికమైన సాక్ష్యము. అనగా సూరతు సీమలోని తెలుగు ప్రయాణికుల భాష కాదు, కాపురమున్నవారి భాష.

ఈ కార్మికుని చేతిలోని రెండు యంత్రములును అన్యోన్యము పరాయివి కావు. 1804లో ఫ్రాన్సు దేశపు లియోను నగరమున జోసెఫ్ మారీ జకార్డు తన మగ్గమును రూపొందించెను. అందు రంధ్రములు పొడిచిన అట్టముక్కల వరుస పడుగుపోగులలో ఏవి లేవవలయునో, ఏవి అణగియుండవలయునో నిర్ణయించును. రంధ్రమున్నచో ఒక ఆజ్ఞ, లేనిచో వేరొక ఆజ్ఞ. ఈ అట్టలనే ఆదర్శముగా గైకొని 1830ల దశకమున ఛార్లెస్ బాబేజి తన గణనయంత్రమును ఊహించెను. ఆయన యొద్ద పట్టుతో నేసిన జకార్డు చిత్తరువు ఒకటి యుండెడిది. దానిని నేయుటకు సుమారు 24,000 అట్టలు పట్టినవని ప్రసిద్ధి. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలెరిత్ వాడినవియు రంధ్రముల అట్టలే. అచటినుండి కంప్యూటరు, కంప్యూటరునుండి సెల్‌ఫోను వచ్చినవి. నేడు ఎలక్ట్రానిక్ జకార్డు మగ్గములలో అట్టలు లేవు. పూవు, తీగె, అంచు కంప్యూటరు తెరపై రచింపబడి, ఫైలు రూపమున మగ్గమునకు చేరుచున్నవి. మగ్గమునుండి పుట్టిన విద్య మరల మగ్గమునే చేరినది. నేతగానికి ఈ విద్య అల్లుని వలె కొత్తగా వచ్చినది కాదు, ఇంటి ఆడపడుచు వలె తిరిగి వచ్చినది.

ఈ తిరుగురాక తెలుగు భాషకు ఏమి తెచ్చినది, ఏమి తీసికొనిపోయినది అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు తెలుగు శాఖలవారు. వారికి పూర్వుల బాట కలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమును ప్రకటించినది. వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడెను. ఆ కోశము గ్రంథములనుండి పదములను ఏరలేదు. జిల్లాలలోని వృత్తిదారుల నోటనుండి సేకరించినది. ఒకే పనిముట్టునకు ఏ సీమలో ఏ పేరు చెల్లునో నమోదు చేసినది. పండితుని నిఘంటువున చోటు దొరకని మాటకు శాస్త్రమున చోటు దొరికినది ఆనాడే.

కాని 1971 నాటి సంపుటము చేతిమగ్గమునకు సంబంధించినది. ఆ పిదప జరిగిన మార్పును ఒక్క మాటతో పరీక్షింపవచ్చును. ‘నాడె’ అనగా పేకపోగును పడుగు నడుమ అటునిటు కొనిపోవు సాధనము. మరమగ్గములోను మొదట నాడె ఉండెను. కాని రేపియరు మగ్గమున పేకను ఒక కమ్మివంటి సాధనము పట్టుకొని పోవును. వాటరుజెట్టు మగ్గమున నీటిధార ఆ పని చేయును. ఈ మగ్గములకు నాడె లేదు. వస్తువు పోయినపుడు పదము మూడు త్రోవలలో ఒకదానిని త్రొక్కును. వస్తువుతోపాటు నశించుట ఒకటి. కొత్త వస్తువునకు పేరై నిలుచుట రెండవది. సామెతలో, పాటలో, ఇంటిపేరులో శిలారూపముగ మిగులుట మూడవది. ‘నాడె’ ఏ త్రోవ త్రొక్కినది? సిరిసిల్ల నేతగాడు మరమగ్గమును ‘సాంచా’ యనును. అతని దాయాది సూరతునందు దానిని ఏమనుచున్నాడు? పడుగు, పేక అను మాటలను నిలుపుకొన్నాడా, లేక చుట్టునున్నవారి ‘తానా’, ‘బానా’లకు మారినాడా? బట్ట కొలతకు సూరతు బజారున చెల్లు ‘తాకా’ అతని తెలుగున ఏ బహువచనము పొందినది? ఇంట ఒక మాట, కార్ఖానాలో ఒక మాట వాడుచున్నాడా? ఇవి ఊహతో తేల్చు ప్రశ్నలు కావు. విని తేల్చవలసినవి.

యంత్రము వచ్చిన ప్రతిచోటను దేశిపదము చావవలెనన్న నియమము లేదు. దీనికి దృష్టాంతము తెలంగాణముననే కలదు. పూర్వపు నల్లగొండ జిల్లా ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము 1999లో ఆసు పోయు యంత్రమును నిర్మించెను. పోచంపల్లి తరహా పట్టుచీరకు చిటికి కట్టుటకు ముందు దారమును గూటములచుట్టు వేలసార్లు చేతితో త్రిప్పవలయును. ఆ పనియే ఆసు. అది సాధారణముగ ఇంటి ఆడువారి పాలబడును. భుజముల నొప్పి వారి జీతము. తల్లి పడుచున్న ఆ బాధను చూచి, ఉన్నతవిద్య లేని ఆ కుమారుడు ఏండ్లకొలది శ్రమించి ఈ యంత్రమును సాధించి, దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రము’ అని తల్లి పేరు పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. భాషాశాస్త్రజ్ఞుడు గమనింపవలసినది ఆ పేరులోని రెండవ పదమును. యంత్రము కొత్తదైనను ‘ఆసు’ పాతదే. యంత్రమును చేసినవాడు ఆ పని యెరిగినవాడు, ఆ పని మాట యెరిగినవాడు అగుటచే మాట యంత్రములోనికి ప్రవేశించినది. యంత్రము దిగుమతియైనచోట పేరును దిగుమతియగును. యంత్రము ఇంట పుట్టినచోట పేరును ఇంటిదే యగును. పారిభాషికపద నిర్మాణమును గూర్చి సంఘములు చేసిన చర్చలన్నిటికన్న ఈ ఒక్క దృష్టాంతము ఎక్కువ బోధించును.

రెండవ యంత్రమైన సెల్‌ఫోను విషయమున ఇట్టి అదృష్టము కలుగలేదు. ఐనను ప్రజలు ఊరకుండలేదు. పండితులు ‘చరవాణి’, ‘అంతర్జాలము’, ‘దింపుకోలు’ అని పేర్లు పెట్టుచుండగా జనులు క్రియలను సమకూర్చుకొనిరి. ఫోను ‘ఎత్తుదురు’, తెలంగాణమున ‘లేపుదురు’. ఫోనును, మెసేజిని ‘కొట్టుదురు’. టైపుయంత్రముపై అక్షరము నిజముగా కొట్టబడినది గనుక ‘టైపు కొట్టుట’ సార్థకము. అద్దముపై వ్రేలు ఆనించుటతో పని జరుగు ఈ కాలమున కొట్టుట లేదు, కాని క్రియ నిలిచినది. ఒక సంస్థ పేరైన ‘ఫోన్‌పే’ సామాన్యవ్యవహారమున డబ్బు పంపుట అను అర్థమున చెల్లుచున్నది. ఏ యాప్ ద్వారా పంపినను ‘ఫోన్‌పే చేసితి’ ననుట వినబడును. నామము పరాయిది, క్రియ తెలుగుది, విభక్తి తెలుగుది. భాషకు ప్రాణము క్రియలోను విభక్తిలోను ఉండునని వ్యాకర్తలెరిగిన విషయమే. కొత్త నామమునకు పేరుపెట్టుటలో మునిగియున్న పండితుడు, జనులు క్రియతో సాధించిన విజయమును చూడకుండుట విచారకరము.

విభక్తి మాట వచ్చినది గనుక ఒక విచిత్రమును గమనింపవలయును. తెలుగు అజంతభాష. అన్యభాషాపదము వచ్చినపుడు చివర ఉకారము చేర్చుట సంప్రదాయము: కార్డు, మిల్లు, బస్సు, సూరతు. అపుడు ‘సూరతులో’ అనుట సుకరము. నేటి ముద్రణలో ‘సూరత్’ అని హలంతముగ వ్రాయుట వాడుకయైనది. దానికి ‘లో’ చేర్చి యంత్రముపై వ్రాసినచో అక్షరములు కలిసిపోయి ‘సూరత్లో’ అగును. అట్లు కలియకుండుటకై ‘త్’కును ‘లో’కును నడుమ ఒక గుర్తు నుంచవలయును. దానికి వెడల్పు లేదు, రూపము లేదు, ధ్వని లేదు. యూనికోడునందు దాని పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. తెరపై కంటికి అగపడదు. కాని దానివలననే ‘సూరత్‌లో’ అను రూపము నిలుచుచున్నది. పూర్వులు ఒక ఉకారముతో తీర్చిన పనికి నేటివారు ఒక అదృశ్యాక్షరమును నియోగించిరి. ఇందు ఏది భాషాస్వభావమునకు దగ్గర? ఉకారమే యని వెంటనే చెప్పబుద్ధి యగును. కాని తెలంగాణ వ్యవహారమున ఉర్దూ సంపర్కమువలన ‘హైదరాబాద్ల’ వంటి హలంతమూలక రూపములును సహజముగ వినబడును. సూరతునందలి తెలుగువారు హిందీ, గుజరాతీల నడుమ బ్రదుకుచున్నారు. ఆ భాషలలో హలంతములు సర్వసామాన్యములు. వారి రెండవ తరము, మూడవ తరము తెలుగున పదాంతపు అచ్చు నిలిచియున్నదా, జారిపోవుచున్నదా? తెలుగు అజంతత్వమను మౌలికలక్షణమునకు ఇంతకన్న మంచి పరీక్షాస్థలము దొరకదు.

యంత్రము తెలుగు అక్షరమును ఎంత తక్కువగ ఎరుగునో లోకమునకెల్ల తెలిసిన సంఘటన ఒకటి 2018 ఫిబ్రవరిలో జరిగినది. ‘జ్ఞా’ అను అక్షరము ఒక ప్రత్యేకక్రమమున, అనగా జకారము, పొల్లు, ఞకారము, పైన చెప్పిన అదృశ్యపు గుర్తు, దీర్ఘము అను వరుసలో, సందేశరూపమున చేరినపుడు ఆపిల్ సంస్థ ఫోనులలో పెక్కు యాప్‌లు స్తంభించినవి. కొందరు వేడుకకై ఆ అక్షరమును ఇతరులకు పంపి వారి ఫోనులను నిలిపివేసిరి. ఆ నెల 19వ తేదీన సంస్థ తన వ్యవస్థను సవరించి విడుదల చేసినది. బంగాళీ మొదలగు ఇతర భారతీయలిపులలోని కొన్ని కూర్పులకును ఆ దోషము వర్తించెనని తరువాత తేలినది. జ్ఞానమను పదమునకు మొదటి అక్షరము యంత్రమునకు మింగుడుపడకపోవుట చూచి పలువురు నవ్విరి. నవ్వుట ముగిసిన పిదప ఆలోచింపవలసినది వేరొకటి కలదు. తెలుగుకు 1991లోనే యూనికోడున స్థానము లభించినది. ఐనను ఇరువదియారేండ్లు గడచిన తరువాతగూడ ఒక సంయుక్తాక్షరపు కూర్పు ఆ యంత్రమున పూర్తిగా పరీక్షింపబడలేదు. స్థానము లభించుట వేరు, వాడుకలో నలుగుట వేరు. ఎవరును వాడని లిపిని ఎవరును పరీక్షింపరు. 2011 జనగణనమున దేశములో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియుండిరి. ఇందరి లిపి యంత్రమునందు అరుదుగ నలుగుటకు కారణము, ఆ యంత్రముపై వారు తెలుగును రోమను లిపిలో వ్రాయుటయో, అసలు వ్రాయకుండుటయో యగుటయే.

రోమను లిపిలోని తెలుగును గూర్చి పండితులు సాధారణముగ రెండు మాటలే అందురు: భ్రష్టమని ఒకటి, తాత్కాలికమని రెండవది. దోషములు ఉన్న మాట నిజము. కె, ఏ, ఎల్, ఏ అను నాలుగక్షరములు ‘కల’ కావచ్చును, ‘కళ’ కావచ్చును, ‘కాల’ కావచ్చును. హ్రస్వదీర్ఘభేదమును, దంత్యమూర్ధన్యభేదమును ఆ వ్రాత పాటింపదు. కాని దానియందొక గుణము కలదు. తెలుగు లిపిలో వ్రాయునపుడు బడిలో నేర్చిన వర్ణక్రమము చేతిని నడపును. ‘వెళ్ళాము’ అని వ్రాయువాడు నోట ‘పోయినం’ అనియుండును. రోమను లిపిలో తెలుగు వ్రాయుటను ఏ బడియు నేర్పలేదు గనుక అచట చెవియే గురువు. ‘పోయినం’, ‘గిట్ల’, ‘జెర’ అను రూపములు ఉన్నవి ఉన్నట్లుగ దిగును. శిష్టవ్యవహారము తుడిచివేసిన మాండలికరూపము లిపిదోషము చాటున బ్రదికియున్నది. ఇట్టి వ్రాతను భ్రష్టమని త్రోసిపుచ్చు పరిశోధకుడు శాసనమున వర్ణక్రమము తప్పినదని శాసనమునే పారవేయువానితో సమానుడు. శాసనములలోని తప్పులనుండియే ప్రాచీనోచ్చారణమును ఊహించు విద్య తెలుగు శాఖలకు కొత్తది కాదు.

పూర్వుల ఉదాహరణము ఇచటను కలదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1852లో ప్రకటించిన ‘జిల్లా నిఘంటువు’ వ్యవహారమున చెల్లు మాటలను రోమను లిపిలోనే కూర్చినది. 1854 నాటి ఆయన ‘మిశ్రభాషా నిఘంటువు’ తెలుగున వాడబడు అన్యదేశ్యములను, మిశ్రరూపములను వివరించినది. కచేరీలలో, బజారులలో నలుగు మాటను ఆయన అంటరానిదిగా చూడలేదు. గిడుగు రామమూర్తి లిపి లేని సవరభాషను చెవితో విని, ధ్వనులను గుర్తించి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. వినుట శాస్త్రమునకు మొదటి మెట్టని వారి కృషి చాటుచున్నది. ఆ మహనీయుల జయంతులను జరుపు శాఖలు వారి పద్ధతిని మరచుట తగదు.

లిపిప్రశ్న ఇంతటితో ముగియదు. లిపియే లేని లేఖ ఒకటి నేడు వలసకుటుంబముల నడుమ తిరుగుచున్నది. 2013 జూలైలో భారతదేశమున తంతివార్తల సేవ ముగిసినది. ఆ మరుసటి నెలలోనే వాట్సాపు యాప్‌లో గొంతును సందేశముగ పంపు సౌకర్యము వచ్చినది. 2016 సెప్టెంబరునుండి జియో సంస్థ రాకతో ఇంటర్నెట్టు చౌకయై సామాన్యునకు అందుబాటైనది. పూర్వము వలసపోయినవాడు ఇంటికి మనియార్డరు పంపినపుడు ఆ ఫారము అడుగున రెండు మాటలు వ్రాయుటకు తావుండెడిది. వ్రాత రానివాడు చదువుకొన్నవానిచే వ్రాయించెడివాడు. ఇపుడు డబ్బు వేరుగ, మాట వేరుగ పోవుచున్నవి. మాట గొంతు రూపమున పోవుచున్నది. దానికి వ్రాయసగాడు అక్కరలేదు, చదివిపెట్టువాడును అక్కరలేదు.

ఇందలి మేలును తక్కువచేయరాదు. పల్సానా వంటి చోట పుట్టి పెరిగిన పిల్లవాడు గుజరాతీ బడికో హిందీ బడికో పోయినచో, ఇంట తెలుగు మాటాడును గాని తెలుగు చదువలేడు. కరీంనగరు జిల్లాలోని అతని నాయనమ్మకు తెలుగు తప్ప వేరొక లిపి తెలియదు. పెక్కుమారులు అదియును తెలియదు. వీరిద్దరి నడుమ ఏ లిపియు వంతెన కాజాలదు. ‘నాయనమ్మా, తిన్నవా?’ అని వాడు ఫోనులో పలికిన మాటయు, దానికి ఆమె బదులుగ పలికిన మాటయు ఆ ఇంటి తెలుగును కాపాడుచున్నవి. భాషను కాపాడుట యనగా సభలు జరుపుటయే యని తలచువారు ఈ చిన్నపనిని గమనింపవలయును.

కాని ఆ మేలునకు ఆయువు తక్కువ. ఫోనులో జాగా నిండినపుడు మొదట తుడిచివేయబడునవి ఇట్టి మాటలే. ఫోను చెడినను, పోయినను, మారినను అవి పోవును. తాటాకునకు చెదలు పట్టుటకు ఏండ్లు పట్టెడిది. ఈ గొంతులకు ఒక వ్రేలితాకుడు చాలును. నాయనమ్మ తరము గడచిన పిదప ఆ పిల్లవానికి తెలుగున మాటాడవలసిన వ్యక్తియే ఉండకపోవచ్చును. లిపి రాని భాష వినువారు పోయిననాడు మూగవోవును. గొంతు ఉండగా లిపి నేర్పకపోయినచో, గొంతును దాచకపోయినచో, తెలుగు చరిత్రలో సూరతు ప్రకరణము ఖాళీపుటగ మిగులును. చేనేత సంపుటమునకు పదములిచ్చిన కుటుంబముల సంతతిలో కొందరు నేడు ఈ సూరతు మగ్గములవద్ద నుండుట అసంభవము కాదు. ముందుతరము మాట కోశమున నుండి, పిదపతరము మాట ఎచటను లేకుండుట న్యాయము కాదు.

ఇది సాహిత్యశాఖ పని కాదని కొందరు అనవచ్చును. యంత్రముల సంగతి ఇంజనీర్లకు, వలసల సంగతి సమాజశాస్త్రజ్ఞులకు వదలవలయునని వారి యాశయము. నిజమునకు ఇంజనీర్లు ఊరకుండుట లేదు. 2022లో కేంద్రప్రభుత్వము ‘భాషిణి’ పథకమును ప్రారంభించి భారతీయభాషలలో మాటను గుర్తించు, అనువదించు యంత్రసాధనములకు పూనుకొన్నది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మొదలగు సంస్థలు తెలుగు వాక్కును సేకరించుచున్నవి. కాని యంత్రము తనకు వినిపించిన తెలుగునే నేర్చును. పత్రికాభాషను, వార్తాపాఠకుని ఉచ్చారణమును మాత్రమే వినిన యంత్రమునకు సూరతు నేతగాని మాట తెలుగుగనే తోచకపోవచ్చును. రేపు బ్యాంకులో, ఆసుపత్రిలో, కార్యాలయములో ఈ యంత్రములే ద్వారపాలకులగునెడల, యంత్రము గుర్తింపని తెలుగు మాటాడువాడు తన మాతృభాషలోనే పరాయివాడగును. ఏ తెలుగు తెలుగో నిర్ణయించు అధికారము యంత్రశిక్షకునకు పోకుండ చూచుట భాషాశాఖల బాధ్యత. వ్యావహారికోద్యమమున ఎత్తిన ప్రశ్నయే ఇది. వేదిక మాత్రము మారినది.

కాబట్టి చేయదగిన పనులు స్పష్టములు. వృత్తిపదకోశపు పరంపరలో మరమగ్గమును, అద్దకపు మిల్లును, సెల్‌ఫోనును చేర్చిన నూతనసంపుటమునకు తెలుగు శాఖలు పూనుకొనవలయును. దానికి క్షేత్రము తెలంగాణలోని సిరిసిల్ల మాత్రమే గాక సూరతు, పల్సానా, భివండి, షోలాపురములు కావలయును. పదమును వ్రాతరూపమున మాత్రమే గాక పలికినవారి గొంతుతోగూడ భద్రపరుపవలయును. ఈ పనిలో ఒక నియమము అనుల్లంఘనీయము. కుటుంబముల నడుమ సాగు మాట వారి సొత్తు. వారు మనసార ఒప్పుకొని ఇచ్చినదానినే, పేరు, ఊరు, సొంతసంగతులు తొలగించి గైకొనవలయును. అడుగక తీసికొన్న సాక్ష్యము ఎంత విలువైనదైనను శాస్త్రమునకు పనికిరాదు. సేకరించిన దానిని అలమరలో తాళమువేయక అందరికిని ఉచితముగ లభింపజేయవలయును. యంత్రములకు తెలుగు నేర్పువారు దానిని వాడుకొందురు.

పాఠశాలల విషయమున వేరొక పని కలదు. సూరతు నగరమునందలి తెలుగు మాధ్యమ పాఠశాలలకు పాఠ్యపుస్తకముతోపాటు ఫోనుపై తెలుగు లిపిలో వ్రాయు నేర్పును అందింపవలయును. తెలుగు కీబోర్డు నేటి ఫోనులలో సిద్ధముగనే యున్నది. దానిని వాడుట తెలియనివారు, తెలిసినను వాడనివారు పెక్కురు. వారమునకొక గంట చాలును. అక్షరము నేర్చిన పిల్లవాడు నాయనమ్మ పలికిన మాటను తెలుగు లిపిలో వ్రాసి దాచినచో, అది అతనికి పాఠమగును, శాఖకు సాక్ష్యమగును, ఇంటికి జ్ఞాపకమగును. రోమను వ్రాతను నిందించుటకన్న తెలుగు వ్రాతను సులభము చేయుట మేలు.

నాడె లేకున్నను నేత ఆగలేదు. పేక వేరొక త్రోవన పడుగును చేరుచునే యున్నది. లిపి లేకున్నను లేఖ ఆగలేదు. మాట వేరొక త్రోవన ఇల్లు చేరుచునే యున్నది. కాని నేసిన బట్టను మడతపెట్టి దాచినవారుండినచో మాత్రమే అది రేపటికి మిగులును. బ్రౌను నాటి తాటాకులు చెదలపాలు గాకముందు ఒకరు పూనుకొనిరి గనుకనే ఎన్నో కావ్యములు నేటికి నిలిచినవి. నేటి తాళపత్రములు పల్సానా కార్మికుల జేబులలో నున్నవి. వాటికి చెదలు కనబడవు, కాని గడువు దగ్గరలోనే యున్నది.